చీఫ్ గారి పది నిమిషాలు

మా పిల్లల బడి ముందు రోడ్డు దాటించడానికి కొత్త మనిషి వచ్చింది. పసుపుపచ్చ కోటు అదే, చివర గుండ్రటి 'స్టాప్' పలక ఉన్న కర్రా అదే. కానీ ఆవిడ కర్రను మడిచిన గొడుగులా భుజానికి ఆనించుకుని వచ్చేపోయే తల్లులతో వాన గురించి మాట్లాడుతుంది. మంచావిడే. నాకు మాత్రం చూడగానే ఒళ్లు మండింది. ఆ కర్రను అలా పట్టుకోరు. ఎలా పట్టుకోవాలో ఇంగ్లండులోని ఈ కోవెంట్రీ మొత్తంలో ఒక్క మనిషికే తెలుసు. ఆయన పోయిన నవంబరులో చనిపోయారు.

ఆయన పేరు రాయను. మా తెలుగు సంఘంలో పెద్దవాళ్లు చీఫ్ గారనేవారు, లాలీపాప్ లాంటి ఆ కర్రతో రోడ్డు దాటించేవారని పిల్లలు లాలీపాప్ అంకుల్ అనేవాళ్లు. విశాఖ దగ్గర ఊరు. మన నౌకాదళంలో విమానాల మరమ్మతు విభాగంలో చేరి, చీఫ్ హోదా దాకా ఎదిగి, రిటైరయ్యాక భార్యకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చేశారు. వీసా మీద 'డిపెండెంట్' అని రాసి ఉండేది. ఆ మాటకి అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు.

"ముప్పై ఏళ్లు విమానాలు నా మీద డిపెండెంటు. ఇప్పుడు నాను మా ఆవిడ మీద డిపెండెంటు. సరిపోలేదేటి?"

ఆయన రోడ్డు మధ్యలోకి నడిచే తీరు చూడాలి. కర్ర నిటారుగా, మోచెయ్యి శరీరానికి అంటకుండా, మొహం నేరుగా డ్రైవరు కళ్లలోకి. పిల్లలు దాటాక ఖాళీ చేతిని చాచి, మణికట్టు దగ్గర మాత్రమే కదిలిస్తూ ఒక్కో కారునే పిలిచేవారు. నౌక డెక్కు మీద విమానాన్ని నడిపించే సైగలట అవి. మా సంఘం సభలకి కార్లు పెట్టించేదీ ఆయనే. ఇంగ్లండులో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న మా ఆయన కూడా చీఫ్ గారి వేలు చూసి గాని బ్రేకు తీసేవాడు కాదు.

ఇంకో చాదస్తం ఉండేది. సభ రోజు పొద్దున్నే స్కూలు హాలు తాళం తీయగానే, కుర్చీలు వేయకముందే, కమిటీ వాళ్లందరినీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబెట్టేవారు. ఆ చివర నుంచి ఈ చివరకి నేల చూస్తూ నడవాలి. పిన్నీసు, గుండీ, గులకరాయి, ఏది కనబడితే అది తీసి ఆయన చేతిలో పెట్టాలి. పట్టుచీర కట్టుకుని వచ్చిన నేను ఇదేం ఖర్మరా అనుకుంటూ నడిచేదాన్ని.

"నౌక మీద రోజూ ఇలగే నడుస్తారమ్మా, ఆఫీసరు దగ్గర్నుంచి వంటవాడి దాకా. ఒక్క బోల్టు ఇంజన్లోకి పోతే విమానం పోద్ది, లోపలున్న మనిషి పోతాడు."

"ఇక్కడ విమానాలు లేవు కదా అంకుల్."

"పిల్లలు చెప్పుల్లేకుండా డాన్సు చేస్తారు. ఉన్నట్టే."

నేను కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మళ్లీ నేల చూస్తూ నడిచాను.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. కానీ ఆయన నాకు ఇంతగా గుర్తుండటానికి కారణం ఇవి కావు. లీసెస్టర్‌లో బస్సు నడిపే ఒక మనిషి ఉన్నాడు. కర్నూలు వైపు వాడు. ఒకప్పుడు నౌకాదళంలో చీఫ్ గారి కింద పనిచేశాడు. చీఫ్ గారు చేసిన తప్పు తన మీద పడి, అక్కడ పేరు పోగొట్టుకుని బయటికొచ్చాడు. ఆ తప్పు తనదని, అతని భార్యాపిల్లల ముందు, నలుగురూ వినేలా చెప్పాలి. ఇంతే చీఫ్ గారు ఈ దేశంలో పెట్టుకున్న పని. దానికి ఆయనకి ఐదు ఉగాదులు పట్టాయి. అందులో నాలుగు ఉగాదులు అడ్డుపడింది నేనే.

నేను సంఘానికి కల్చరల్ సెక్రటరీని. ఉద్యోగం కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఉద్యోగంలో ఎలాగో సభలోనూ అలాగే, నిమిషాల లెక్కన కార్యక్రమం వేసి, వంటింటి టైమరు మెడలో వేలాడదీసుకుని తిరుగుతాను. మొదటి ఏడు ఆయన వచ్చి పది నిమిషాలు అడిగారు.

"దేని మీద అంకుల్?"

"రష్యావాళ్ల విమానవాహక నౌకల మీద."

నవ్వొచ్చింది. ఉగాది పచ్చడికీ రష్యా నౌకలకీ ఏం సంబంధం? కానీ హాలు ఊడ్చేది, కార్లు పెట్టించేది, చివర్లో చెత్తసంచులు మోసేది ఆయనే. కాదనలేక ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టారు. పంచాంగ శ్రవణం తర్వాత, కూచిపూడి డాన్సుకి సరిగ్గా ముందు తన వంతు ఉండాలి. ఎందుకో నేను అడగలేదు. ఆ డాన్సు చేసే పిల్ల లీసెస్టర్ నుంచి వస్తుందని, తన కూతురి డాన్సు వదిలి ఏ తల్లీ తండ్రీ హాల్లోంచి బయటికి పోరని నాకు తట్టలేదు.

స్లైడులు వద్దన్నారు. ఇంటి నుంచి ఇస్త్రీ బల్ల తెచ్చుకున్నారు. దాన్ని స్టేజి మీద నిలబెట్టి, "ఇదే నౌక" అన్నారు. జనం ఘొల్లుమన్నారు. ఆయన చలించలేదు. బల్లను సగానికి చేత్తో కొలిచి, రష్యావాళ్లు మొదట కట్టినవి పూర్తి విమానవాహక నౌకలు కావని, ముందు సగం ఆయుధాలు, వెనక సగం హెలికాప్టర్ల మైదానం అని చెప్పారు. సబ్‌మెరైన్లను వేటాడడానికట. ఒకదాని మీద ఒకటి రెండు పంకాలు తిరిగే హెలికాప్టరు గురించి, దానికి తోక పంకా ఎందుకు అక్కర్లేదో, అందుకే ఇరుకు డెక్కు మీద ఎలా దిగుతుందో మొదలుపెట్టేసరికి నా టైమరు మోగింది. చప్పట్లు కొట్టించి దింపేశాను.

రెండో ఏడు మళ్లీ ఇస్త్రీ బల్ల. ఈసారి ముందు భాగం నిండా క్షిపణులున్న పెద్ద నౌకలు, పక్కగా ఏటవాలు డెక్కు, నిలువుగా పైకి లేచే విమానాలు. లేవడానికే సగం ఇంధనం తాగేస్తే ఇక దూరం ఏం పోతుందని ఆయన అడిగితే, ముందు వరసలో ఒకాయన "మా పాత కారు లాగా" అన్నాడు. ఆ నౌకల్ని కట్టింది నల్ల సముద్రం ఒడ్డున. బయటికి రావాలంటే టర్కీ జలసంధులు దాటాలి. విమానవాహక నౌక అంటే అక్కడి ఒప్పందంతో తకరారు వస్తుందని వాటిని క్రూయిజర్లని పిలిచేవారంటారు. ఆ కథ జనానికి నచ్చింది. అప్పటికి మా వాళ్లు ఈ కార్యక్రమానికి నౌకా శ్రవణం అని పేరు పెట్టేశారు.

కరోనాతో రెండు ఉగాదులు సభే లేదు, మూడోసారికి రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టింది. కమిటీలో ఒకాయన గట్టిగా ఎదురు తిరిగాడు. "ఈ దేశంలో ఉండి ఇప్పుడు రష్యా గొప్పలా? ఎవరైనా వీడియో తీసి పెడితే?"

చీఫ్ గారు లేచి నిలబడి మాట్లాడారు. "నాను గొప్పలు చెప్పట్లేదు బాబూ. ఆ నౌకలు కట్టిన ఊరు ఇయ్యాల బాంబుల కింద ఉంది. కట్టినవాళ్లూ అక్కడివాళ్లే. రష్యాకి మిగిలిన ఒక్క నౌకా ఏళ్ల తరబడి మరమ్మతులో ఉంది. గొప్పేటుంది ఇందులో? పుస్తకాల్లో లేని ముక్క ఒక్కటీ చెప్పను. పది నిమిషాలు నావి. నాకివ్వండి."

ఇచ్చాం. ఆ ఏడు ఇస్త్రీ బల్ల మూతి కింద రెండు లావు పుస్తకాలు పెట్టి పైకెత్తారు. విమానాన్ని విసిరే యంత్రం లేకుండా, డెక్కు కొసనే అలా వంచి, దాని మీద పరిగెత్తించి గాల్లోకి వదలడం. దిగేటప్పుడు తోక కొక్కెం తీగకి తగులుకోవాలి. సముద్రం మీదకి వెళ్లే ముందు నేల మీదే అలాంటి డెక్కు కట్టుకుని పైలట్లు అక్కడ నేర్చుకున్నారట. చెబుతుంటే ఆయన గొంతు మారిపోయింది. కానీ మధ్యలో హాలు వెనక్కి చూసి ఒక్కసారి ఆగిపోయారు. మళ్లీ తీగల దగ్గర మొదలుపెట్టి అవే మాటలు రెండుసార్లు చెప్పారు. టైమరు మోగితే నాకంటే ఆయనకే ఊరటగా ఉన్నట్టనిపించింది.

నాలుగో ఏడు అణుశక్తితో నడిచే పెద్ద నౌక గురించి. సగం కట్టాక దేశమే విడిపోయి, దాన్ని కట్టినచోటే ముక్కలు కోసి పాత ఇనుముగా అమ్మేసిన కథ. ఎనిమిది నిమిషాలకే నేను మైకు తీసేసుకున్నాను. పులిహోర చల్లారిపోతోందని నా బాధ.

ఐదో ఏడు నౌకా శ్రవణం వద్దని కమిటీలో తీర్మానించి, చెప్పే పని నాకు అప్పగించారు. ఫోన్లో చెప్పాను. "ఇంటికొస్తున్నాను" అని పెట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం. ఆయన వెంట వాళ్లావిడ, ఆంటీ కూడా వచ్చారు, డ్యూటీ దిగి నర్సు బట్టల్లోనే. ఆయన సోఫా అంచున కూర్చున్నారు. టీ వద్దన్నారు. "సెక్రటరీ గారూ" అన్నారు. ఎప్పుడూ అమ్మా అనే మనిషి. నేను ఎదురుగా కూర్చున్నాను.

అప్పుడు చెప్పారు. మన నౌకాదళం రష్యా దగ్గర ఒక పాత నౌకను తీసుకుని, దాని ముందున్న క్షిపణులు పీకించి, మూతి వంచి, కొత్త నౌకగా చేయించుకుంటున్న కాలం. ఉత్తరాన చలిదేశపు రేవు. మన వాళ్లు అక్కడే ఉండి పని నేర్చుకుంటున్నారు. పనిముట్ల గదిలో ఒక పెద్ద బోర్డు. ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసిన చోటు. ఎవరు ఏది తీసుకుంటే అక్కడ తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలించి వెళ్లాలి. పని అయ్యాక ఒక్కటి తిరిగి రాకపోయినా ఏ విమానమూ లేవదు, అది దొరికేదాకా.

"ఆ రోజు తొందరలో నాను ఒక చిన్న అద్దం తీశాను. ఇంజన్ సందుల్లో చూసేది, పళ్ల డాక్టరు నోట్లో పెడతాడు సూడు, అలాటిది. నా బిళ్ల వేరే కోటులో ఉండిపోయింది. పక్కనే, మన లీసెస్టర్ బస్సు డ్రైవరు లేడా, ఆ అబ్బాయి బిళ్ల కనబడింది. తగిలించేశాను. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను కదా అనుకున్నాను."

అద్దం తిరిగి రాలేదు. విమానాలు నిలిచిపోయాయి. మూడు రోజులు ఒక్కో ప్యానెలూ విప్పి వెతికారు. బిళ్ల ఎవరిదో వాడే పోగొట్టాడన్నారు. ఆ కుర్రాణ్ణి అందరి ముందూ నిలబెట్టి, అర్హత తీసేసి, ఇండియాకి పంపేశారు. మళ్లీ డెక్కు ఎక్కనివ్వలేదు. ఏదో స్టోరులో మిగతా సర్వీసు గడిపి బయటికొచ్చాడు.

"అద్దం?" అన్నాను.

"నా కోటు లోపలి జేబులో దొరికింది. తర్వాత. మంచు మీద పడకుండా నీళ్లలో పడేటట్టు చూసుకుని విసిరేశాను." ఆయన తన చేతులు చూసుకున్నారు. "పై నెలలో నాకు చీఫ్ హోదా రావాలి."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. అప్పటిదాకా చాదస్తపు పెద్దమనిషి అనుకున్న ఆయన మీద, నిజమైన కోపం. "మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా? నాలుగు ఉగాదులు ఈ ఇస్త్రీ బల్ల ఎందుకు?"

"ఫోన్ చేస్తే తనకి తెలుస్తాది. తప్పు చెయ్యలేదని తనకి ముందే తెలుసు కదమ్మా. తెలియాల్సింది ఇంట్లోవాళ్లకి. నిన్ను మొదటిసారి అడక్కముందే, దీపావళి సభనాడు కారు దగ్గర నాను విన్నాను, వాళ్లావిడ ఎవరితోనో చెప్తోంది. 'మా ఆయన చేతికి ఏమీ ఇవ్వద్దండి, నేవీలోనే పోగొట్టుకొచ్చినాడు' అని. నవ్వుతూనే అంది. పిల్లలూ నవ్వారు. తనూ నవ్వాడు."

"అదే నేరుగా చెప్పండి మరి. హెలికాప్టర్లెందుకు?"

"అద్దం పోతే ఏటయింది అంటారు జనం. ఎందుకంత గొడవయిందో తెలియాలంటే ఆ నౌక తెలియాలి, ఆ డెక్కు తెలియాలి." మళ్లీ ఆయనే, "అదొక్కటే కాదులే. ప్రతి ఏడూ ఇయ్యాల చెప్పేస్తాననే ఎక్కాను. వెనక నిలబడి చూస్తుంటాడు. ఇంకొక్క నౌక గురించి చెప్పి అప్పుడు చెప్దాం అనిపించేది. నువ్వు టైమరు మోగిస్తే బతికిపోయాననుకునేవాణ్ణి," అన్నారు.

ఆంటీ నా వైపు తిరిగారు. "ఈయన గుండె ఆపరేషన్‌కి డేటిచ్చారమ్మా. ఉగాది అయ్యాక పెట్టమని ఆసుపత్రిలో గొడవ పెట్టుకుని మార్పించాడు. నేను పనిచేసే ఆసుపత్రే, నా పరువు తీశాడు," అన్నారు.

ఆయన లేచారు. "ఈసారి టైమరు వద్దు. నాను ఆగను, నువ్వు ఆపకు."

కమిటీని అడగలేదు. కాగితం మీద 'చీఫ్ గారు' అని రాసి, ఎదురుగా నిమిషాలు వేయకుండా వదిలేశాను.

ఆ ఉగాదినాడు ఇస్త్రీ బల్ల రాలేదు. ఆయన ఇస్త్రీ చొక్కాతో ఒక్కరే స్టేజి ఎక్కారు. జనంలో ఎవరో "ఈసారి ఏ నౌక చీఫ్ గారూ?" అని అరిచారు. "నాను పనిచేసింది," అన్నారు. హాలు కొంచెం సర్దుకుంది.

చెప్పారు. బోర్డు, బిళ్ల, అద్దం. అతని పేరు, ఊరు, అప్పటి హోదా, అన్నీ విడమరిచి చెప్పి, "ఆ బిళ్ల తగిలించింది నాను. పోగొట్టింది నాను. దొరికాక దాచిందీ నాను. శిక్ష అతనికి పడింది," అన్నారు. ఒక్క అక్షరం కూడా మింగలేదు. రెండో వరసలో అతని భార్య చేతిలో కూతురికి పెట్టాల్సిన పూలజడ అలాగే ఉండిపోయింది. స్టేజి పక్కన మువ్వలు కట్టుకున్న పిల్ల తల బయటపెట్టి చూస్తోంది.

వెనక గోడ దగ్గర నుంచి అతను నడిచొచ్చాడు. నా దగ్గరున్న రెండో మైకు కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను. కొడతాడేమో అని భయపడ్డ మాట నిజం.

"చీఫ్. అద్దం మీకు ఎన్నో రోజు దొరికింది?"

ఆ ప్రశ్న అర్థమయింది ఆ హాల్లో వాళ్లిద్దరికే. చీఫ్ గారు నాకు చెప్పినప్పుడు 'తర్వాత' అన్నారు. నేను అడగలేదు.

"రెండో రోజు," అన్నారు.

"మూడో రోజు గూడా మీరు నా పక్కనే ఉన్న్యారు. నేను ప్యానెలు విప్పుతాంటే టార్చి పట్టుకున్న్యారు."

"పట్టుకున్నాను."

"మీ చెయ్యి వణికింది. చలికేమో అనుకుంటి. నా గ్లౌజులు తీసి మీకిచ్చినా."

"ఇచ్చావు," అన్నారు చీఫ్ గారు. "వేసుకున్నాను."

అతను ఇంకేదో అడుగుతాడని చూశాను. అడగలేదు. క్షమించాననీ అనలేదు. మైకు నా చేతిలో పెట్టేసి అక్కడే నిలబడ్డాడు. నేను ఏదో ఒకటి అని ఈ గండం గట్టెక్కుదామని నోరు తెరిచేలోపు అతని భార్య లేచింది.

"సార్, దిగొద్దండి. మా పెద్దపాప కార్లో కూర్చోనుంది, ఫోన్ చూసుకుంటా. పిల్చకొస్తా. అది గూడా వినల్ల. మీరు మళ్లా చెప్పల్ల."

"ఉంటానమ్మా," అన్నారాయన.

ఆవిడ పూలజడ చేత్తో పట్టుకునే పరుగెత్తింది. కుర్చీ తెమ్మన్నాను, ఆయన కూర్చోలేదు. ఆంటీ స్టేజి కింద నిలబడి ఆయన మెడ మీద నరాన్నే చూస్తున్నారు. ఎవరూ లేచి భోజనాల వైపు పోలేదు. పదిహేడేళ్ల పిల్ల తల్లి వెనకే వచ్చి, ఏం జరిగిందో తెలియక, తండ్రి పక్కన నిలబడింది. "వాట్స్ హ్యాపెండ్ నాన్నా?" అంది. అతను స్టేజి వైపు చూపించాడు.

చీఫ్ గారు ఆ పిల్ల వైపు తిరిగారు. తెలుగు అర్థమవుతుందా అని అడిగి, కొంచెం కొంచెం అంటే, సరే అని, తనకొచ్చిన నేవీ ఇంగ్లీషులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. యువర్ ఫాదర్ డిడ్ నథింగ్ రాంగ్, ఐ డిడ్, అని. బోర్డు, బిళ్ల, అద్దం, టార్చి, గ్లౌజులు, అన్నీ వరసగా, తొందరపడకుండా. ఈసారి రెండో రోజు అన్న మాట ఎవరూ అడగకముందే చెప్పారు.